కాకులు లేని కొండ

మా అక్క పోయిన పదకొండో రోజున, సుంగై పెటానిలో వాళ్ళ ఇంటి వెనక బట్టలారేసే తీగ కింద, ఆకులో అన్నం పెట్టారు. పెట్టి రెండడుగులు వెనక్కి వేశామో లేదో గోడ మీద కాకులు దిగాయి. ఒకటి కాదు, ఏడెనిమిది. అక్క కొడుకు మురళి ఫోనులో టైము చూసుకుని, "ముడింజిపోచ్చు చిత్తీ. అయిపోయింది. లోపలికి వచ్చేయ్ లా, ఎండ" అన్నాడు. వాడు నన్ను పిన్ని అనడు. వాళ్ళ నాన్నగారి వైపు తమిళం కాబట్టి ఇంట్లో తెలుగు రెండు మాటలైతే తమిళం నాలుగు. నేను కదలలేదు. అన్నం అంత త్వరగా మాయమవడం చూస్తూ ఉండిపోయాను. మా చిన్నప్పుడు అలాంటి ఆకు ముందు పూటంతా కూర్చున్నవాళ్ళం. మేము పెరిగిన కొండ మీద కాకులు లేవు. అందువల్ల మా ఇంట్లో ఒక అలవాటు పుట్టింది, ఆ అలవాటు వల్ల ఒక మనిషి దేశం దాటిపోయాడు, అప్పుడు మా నాన్న నోరు విప్పలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం మొన్నటిదాకా ఇద్దరం ఉన్నాం, అక్కా నేనూ. ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకని రాస్తున్నాను.

ఆ కొండకి మలయ్ భాషలో వేరే పేరుంది. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, దాన్ని సలికొండ అనేది. మాకూ అదే పేరు. ఇపో పట్నం నుంచి లారీలో రెండు గంటలు, చివరి గంటంతా మలుపులే. పైన ఒక పెద్ద బంగళా, దాని చుట్టూ ఎనిమిది చిన్న బంగళాలు, ఒక టెన్నిస్ కోర్టు, గులాబీ మొక్కలు. రబ్బరు తోటల దొరలు, వాళ్ళ భార్యలు కింద ఎండకి తాళలేక వారం రోజులకి పైకి వచ్చేవాళ్ళు. అక్కడ అమ్మేది చలి ఒక్కటే. గదికొక పొయ్యి, మంచానికి రెండు కంబళ్ళు, పడుకునే ముందు వేడినీళ్ళ రబ్బరు సంచి. మా నాన్న అక్కడ కెరాణీ. గుమాస్తాని ఆ దేశంలో అలా అంటారు. మా అమ్మ కంబళ్ళూ దుప్పట్లూ చూసుకునేది. మబ్బు ఎప్పుడు దిగుతుందో తెలియని చోట కంబళ్ళు ఆరబెట్టడం చిన్న పని కాదు. ఎండ పడగానే అమ్మ మా ఇద్దరినీ కేకేసేది. ముప్ఫై నలభై కంబళ్ళు గడ్డి మీద పరిచేవాళ్ళం, గంట తిరక్కుండానే మబ్బొస్తే పరుగులు పెట్టి మడిచి లోపల వేసేవాళ్ళం. తడిసిన ఉన్ని వాసన, కర్పూరం ఉండల వాసన, పచ్చికట్టెల పొగ మా చిన్నతనమంతా మా జుట్టులోనే ఉన్నాయి. ఇపో బళ్ళో చేరినప్పుడు పక్కన కూర్చున్న పిల్ల, "నీ దగ్గర బీరువా వాసనొస్తోంది" అంది.

నాన్న పొట్టిమనిషి, తక్కువ మాట్లాడేవాడు. పొద్దున్నే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, బూట్లు వంటింటి పొయ్యి దగ్గర ఐదు నిమిషాలు వెచ్చబెట్టుకుని తొడుక్కునేవాడు. ఇంగ్లీషు, మలయ్, తమిళం మూడూ తడుముకోకుండా వచ్చు. దొర ఏం చెప్పినా పనివాళ్ళకి నాన్న నోటినుంచే అందేది. పనివాళ్ళకి ఏం కావాలన్నా దొర దాకా నాన్న నోటినుంచే వెళ్ళేది. నా తొమ్మిదో ఏటిదాకా ఆయన అబద్ధమాడగా నేను వినలేదు. కంబళి ఒకటి పొయ్యి నిప్పు పడి కాలితే, ఎవరూ అడగకముందే తానే వెళ్ళి చెప్పివచ్చేవాడు.

మా తాత విశాఖ జిల్లా నుంచి కూలీగా వచ్చి, ఆ కొండకి రోడ్డు వేస్తున్నప్పుడు నరికిన చెట్టు తన మీద కూలి చనిపోయాడు. నాన్నకి అప్పుడు మూడేళ్ళట. ఆ చోటు టెన్నిస్ కోర్టు దాటాక, అడవి మొదలయ్యే దగ్గర. మామ్మ ఏటా ఆ తిథికి అక్కడ అన్నం పెట్టేది. మూడు ముద్దలు, ఒక ఎండుచేప, ఒక చుట్ట. మామ్మ కూడా చుట్ట తాగేది, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. అది చూసి దొరసానులు బిత్తరపోయేవాళ్ళు. కింది ఊళ్ళలో అయితే కాకి వచ్చి ముట్టాలి. సలికొండ ఎత్తుకి కాకి రాదు. మొదటి ఏడు మామ్మ సాయంత్రం దాకా కూర్చుందట. చివరికి అడవిలోంచి ఏదో వచ్చి, కోతో ఉడతో, ముద్ద తీసుకుపోయింది. అప్పటినుంచి ఏది వచ్చి తిన్నా తాతే అని మామ్మ తీర్మానం. అందుకే ఆకుని ఇంటి గుమ్మంలో కాకుండా అడవి అంచునే పెట్టాలి, పెట్టి ఇవతలికి వచ్చెయ్యాలి. ఎండుచేప ఇచ్చేది పెద్ద బంగళా వంటవాడు. పేరు ఆ సెంగ్, ‘ఆ’ కూడా పేరులోదే. హైనాన్ దీవి మనిషి, లావుపాటివాడు, కాళ్ళకి చెక్క చెప్పులు. ఏటా తనే తిథి గుర్తు పెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి, కాగితంలో చుట్టిన చేప మామ్మ చేతిలో పెట్టేవాడు. "ముసలాయనకి ఉప్పు ఎక్కువైతే చెప్పమను" అనేవాడు మలయ్‌లో. "నువ్వే ఎల్లి అడుగు" అనేది మామ్మ తెలుగులో. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

మలయ్ దేశాన్ని ఏలుతున్న ఇంగ్లీషువాళ్ళు 1948లో ఎమర్జెన్సీ పెట్టాక అతిథులు తగ్గారు. కొండ మీదికి వారానికి రెండుసార్లు మాత్రమే, ముందూ వెనకా పటాలం బండ్లతో, లారీలు వచ్చేవి. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని కట్టుదిట్టాలు పెట్టారు. మా ఇళ్ళల్లో పచ్చి బియ్యం గింజ ఉండకూడదు. పనివాళ్ళందరికీ పెద్ద బంగళా వంటింట్లోనే ఒక గుండిగలో వండి, మనిషికింతని కొలిచి ఇచ్చేవాళ్ళు. కొట్లోంచి టిన్ను బయటికి వస్తే మేకుతో చిల్లి పొడిచి ఇవ్వాలి, దాచుకోవడానికి వీల్లేకుండా. అడవివైపు తిండి పట్టుకెళ్ళినవాళ్ళని ఏ విచారణా లేకుండా ఏళ్ళ తరబడి లోపలేస్తారని, వాళ్ళ పుట్టిన దేశానికి ఓడెక్కించి పంపేస్తారని అందరికీ తెలుసు. నాన్న మామ్మని కూర్చోబెట్టి చెప్పాడు, ఇక అడవి దగ్గర ఆకు పెట్టడం కుదరదని. మామ్మ తలూపింది. కాని అప్పుడు మేనేజరుగా ఉన్న ముసలి దొర మామ్మని ఎరిగినవాడు. తిథి రోజున మామ్మ ఆకు పెట్టుకునేలా, కాపలావాళ్ళని అటు పోవద్దని తానే చెప్పేవాడు. అలా రెండు మూడేళ్ళు గడిచాయి.

తర్వాత ముసలి దొర ఇంగ్లండు వెళ్ళిపోయాడు. కంపెనీ పటాలంలో పనిచేసి వచ్చిన ఒక కెప్టెన్‌ని మేనేజరుగా పంపింది. అతనికి నలభై ఉండవు. వచ్చిన వారంలోనే గులాబీలు పీకించి ముళ్ళకంచె వేయించాడు. ఆ ఏడు తిథి వచ్చింది. మామ్మ తన వంతు అన్నం తినకుండా మూడు ముద్దలు చేసింది. ఆ సెంగ్ ఇచ్చిన ఎండుచేప పెట్టింది. చుట్టలు దొరకడం మానేసి చాలా కాలమైంది, అందుకని ముసలి దొర వెళ్తూ ఇచ్చిన సిగరెట్ల పెట్టె పెట్టింది. నీళ్ళ చెంబు పట్టుకుని వెనక నడిచింది నేను. నాకు తొమ్మిదేళ్ళు. "మీ నాన్నకి సెప్పకు" అంది. చెప్పలేదు. అక్క కంబళ్ళ గది కిటికీలోంచి చూసింది. తనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున పటాలంవాళ్ళకి ఆకు దొరికింది. ఆ ఏడు ఏ జంతువూ వచ్చి ముట్టుకోలేదు. కెప్టెన్ పనివాళ్ళందరినీ టెన్నిస్ కోర్టులో వరసగా నిలబెట్టాడు. ఆకు నేలమీద ఉంది. అక్కా నేనూ కిటికీ దగ్గర ఉన్నాం. కెప్టెన్ ఇంగ్లీషులో అడిగాడు. నాన్న దాన్ని మలయ్‌లో, తర్వాత తమిళంలో అందరికీ వినబడేలా అడిగాడు, "ఇది ఎవరు పెట్టారు?" అని. అడుగుతూ ఆకువైపు చూశాడు. మూడు ముద్దలు అలా వరసగా పెట్టే మనిషి ఆ కొండ మీద ఒక్కరే. నాన్న ముఖం చూస్తే ఆయనకి తెలిసిపోయిందని మాకు కిటికీలోంచే తెలిసింది. ఇక చెప్పేస్తాడు అనుకున్నాను. కాలిన కంబళి సంగతి చెప్పినట్టు.

నాన్న ఆకు మీంచి చూపు తీసి వరస వైపు చూశాడు. కెప్టెన్ సిగరెట్ పెట్టె కాలితో కదిపాడు. ఆ రకం సిగరెట్లు పెద్ద బంగళాలో తప్ప ఎక్కడా ఉండవు. అన్నం గుండిగ వంటవాడి చేతిలో ఉంటుంది. వంటవాడు చైనావాడు. "వాణ్ణి అడుగు" అన్నాడు కెప్టెన్. నాన్న ఆ సెంగ్ ముందుకు వెళ్ళి అడిగాడు. అతను నాన్న కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. చాలా సేపు చూశాడు. భయపడుతున్నట్టు లేదు. ఎదుటిమనిషి మాట్లాడతాడని ఆగినట్టు ఉంది. నాన్న మాట్లాడలేదు. చివరికి ఆ సెంగ్, "నాకు తెలియదు" అన్నాడు. నాన్న ఇటు తిరిగి, "తనకి తెలియదంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాట వరకు తర్జుమా తప్పు కాదు. మధ్యాహ్నం లారీలో ఆ సెంగ్‌ని కిందికి తీసుకుపోయారు. చెక్క చెప్పులు వంటింటి మెట్ల దగ్గరే ఉండిపోయాయి.

మామ్మ ఆ పొద్దున మంచి నిద్రలో ఉంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ సెంగ్ ఊరెళ్ళాడని నాన్నే చెప్పాడు. మర్నాడు కంబళ్ళు మడుస్తూ అమ్మ నాన్నతో మాట్లాడింది, మేము అక్కడే ఉన్నామని కూడా చూసుకోకుండా.

"అత్తకి డెబ్బై దాటినాయి. లోపలేస్తే బతకదు. అది నాకూ తెలుసు" అంది.

"మరేటి సేయమంటావు?"

"మరి ఆయనో?"

"ఆడు ఏటీ సేయలేదు కదా. రెండ్రోజులు అడిగి వదిలేస్తారు."

వదల్లేదు. నాన్న ఒకసారి పనిపెట్టుకుని ఇపో వెళ్ళి వచ్చాడు. కలవనివ్వలేదని అన్నాడు. కలవడానికి అడిగాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఏడాది తర్వాత ఆ సెంగ్‌ని ఓడెక్కించి చైనా పంపేశారని లారీ డ్రైవరు చెప్పాడు. మామ్మ మాత్రం లారీ వచ్చినప్పుడల్లా, "ఆ సెంగు వచ్చినాడేటి?" అని అడుగుతూనే ఉంది. రాలేదని నాన్నే చెప్పేవాడు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, దగ్గర పడేసరికి కెప్టెన్ ఆస్ట్రేలియాలో ఏదో ఉద్యోగం చూసుకున్నాడు. ఇకనుంచి ఇక్కడివాళ్ళనే పైకి తేవాలని కంపెనీ అనుకుంది. నాన్నని మేనేజర్ని చేశారు. మేము కెరాణీ క్వార్టర్సు నుంచి పెద్ద బంగళా పక్క ఇంటికి మారాం. ఆ ఇంట్లో మూడు పొయ్యిలు. కింది ఊరినుంచి కొత్త జెండా రాకపోతే, అమ్మా అక్కా పాత దుప్పట్లు చించి, రంగులద్ది, చారలు లెక్కపెట్టుకుంటూ కుట్టారు. నాన్న దాన్ని టెన్నిస్ కోర్టు చివర ఎగరేశాడు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఆ రోజు సంతోషంగానే ఉంది, అది దాచను. అక్క మాత్రం జెండా వైపు కాక నేలవైపు చూస్తోంది. ఆ రోజు కెప్టెన్ ఆకు పెట్టించిన చోటు అదే.

మేనేజర్ అయితే అయ్యాడు గాని నాన్న చేతికి వచ్చింది సగం ఖాళీ కొండ. తోటల దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిగిలినవాళ్ళు ఇంకా పెద్ద కొండలకి, మంచి రోడ్లున్నచోటికి పోతున్నారు. కొండ అమ్ముతారని ఒకరు, గవర్నమెంటు తీసుకుంటుందని ఒకరు. నాన్న ఇపో, తైపింగ్ బళ్ళకి ఉత్తరాలు రాశాడు, సెలవుల్లో టీచర్లు కుటుంబాలతో రావచ్చని. చలి అందరికీ పనికొస్తుంది, దొరలకే కాదు అనేవాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగేది. ఆయనకి ఆ కొండ తప్ప వేరే బతుకు లేదు. పుట్టిన ఊరు గుర్తులేదు, పెరిగింది అక్కడే, తండ్రి పోయింది అక్కడే. ఆ ఉద్యోగం పోతే మేము ఎక్కడికి పోతామో ఎవరికీ తెలియదు.

పోయిన నెల, అక్క కర్మ అయ్యాక, మురళి నన్ను అక్కడికి తీసుకువెళ్ళాడు. వాడి కారులో ఏసీకి నేను శాలువా కప్పుకున్నాను. పైన దిగాక శాలువా తీసేశాను, అంత వెచ్చగా ఉంది కొండ. గేటుకి గొలుసు వేసి ఉంది. కౌలాలంపూర్ కంపెనీ ఒకటి కొన్నదని బోర్డు, దాని కింద అంతకుముందు కొన్న కంపెనీ బోర్డు వెలిసిపోయి ఉంది. కాపలా ఉన్న నేపాలీ కుర్రవాడికి యజమాని ఎవరో తెలియదు, జీతం ఫోనులో పడుతుంది అన్నాడు. మురళి, "ఇంగే ఏముంది చిత్తీ, ఇక్కడ ఎందుకు కొంటారు?" అన్నాడు. చలి ఉండేది అన్నాను. వాడు నవ్వాడు. చలి ఇప్పుడు ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. అప్పుడు దాని కోసం మనుషులు పటాలం కాపలాతో కొండెక్కేవాళ్ళంటే వాడు ఎలా నమ్ముతాడు? కంచె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. దుఃఖం రాలేదు. అరవై ఏళ్ళు దాటినా ఆ టెన్నిస్ కోర్టులో నాన్న నోరు తెరవకపోవడం నాకు ఇప్పుడే చూసినట్టు ఉంది. దాని నుంచి నేను తేరుకోలేదని అక్కడే తెలిసింది.

మెర్డెకా అయిన కొన్ని నెలలకి ఆ సెంగ్ భార్య కొండెక్కి వచ్చింది. మేము ఆమెని అంతకు ముందు రెండుసార్లే చూశాం. పొద్దుటి లారీలో వచ్చింది, నల్ల ప్యాంటు, నీలం చొక్కా, చేతిసంచిలో ఉప్పు బాతుగుడ్లు. వరండాలో సంచి కింద పెట్టి నాన్నకి వంగి దండం పెట్టింది. "తువాన్" అంది. అంటే దొరవారూ అని. పూర్వం ఆమె కూడా నాన్నని కెరాణీ అనే పిలిచేది.

"అలా పిలవకు. కూర్చో" అన్నాడు నాన్న మలయ్‌లో.

ఆమె కూర్చోలేదు. "మీరు పెద్దయ్యారని విన్నాను. మంచిదైంది. ఆయన ఉత్తరం రాశాడు. అక్కడ ఆయనకి ఎవరూ లేరు. తల్లి పోయింది, ఇల్లు పోయింది. ఇక్కడి మేనేజరు రాసిస్తే మళ్ళీ రానిస్తారేమోనని ఎవరో చెప్పారట" అంది.

"రాస్తాను. పదిహేనేళ్ళు పనిచేశాడు, మంచివాడు అని రాస్తాను."

"మంచివాడని కాదు తువాన్. ఆ అన్నం ఆయనది కాదని రాయాలి."

నాన్న కిటికీ వైపు చూశాడు. అక్కా నేనూ గుమ్మం దగ్గరే ఉన్నాం. "అది ఎవరిదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

నా చెవులని నేను నమ్మలేదు. మొదటిసారి ఊరుకున్నాడు. ఈసారి, ఎవరూ తుపాకీ పట్టుకుని నిలబడకపోయినా, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషితో అబద్ధమాడాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. అప్పుడే మామ్మ లోపల్నుంచి వచ్చింది, మళ్ళీ దొరకసాగిన చుట్ట వేలి సందున పట్టుకుని.

"అప్పన్నా, ఆ మనిసి ఏటంటంది?"

"ఏటీ లేదమ్మా. లోపలికెల్లు."

"నాసి అంటంది. ఏ నాసి?"

నాసి అంటే అన్నం. మామ్మకి బజారు మలయ్ వచ్చు. నాన్న అడ్డం వచ్చేలోపల ఆమెనే అడిగింది. ఆ సెంగ్ భార్య చెప్పింది, అడవి దగ్గర ఆకు, మూడు ముద్దలు, చేప, సిగరెట్లు. మామ్మకి అర్థం కావడం నేను చూశాను. ముందు ముఖంలో ఏమీ లేదు. తర్వాత చుట్ట నేలమీద పడింది.

"అది నాను పెట్టినాను. మీ అయ్యకి" అంది నాన్నతో. "సేప ఆడే ఇచ్చినాడు. ఆడికి తెలుసు అది నాదని."

"తెలుసమ్మా."

"నీకూ తెలుసా?"

నాన్న తలూపాడు.

"ఆడు ఊరెల్లినాడని సెప్పినావు. లారీ వచ్చినప్పుడల్లా నాను అడుగుతుంటే రాలేదని సెప్పినావు. నన్నట్టుకెల్తారని బయపడ్డావేటి?"

"అవునమ్మా."

"నానెల్దును కదరా."

అంతే అంది. ఏడవలేదు. ఆ సెంగ్ భార్య వైపు తిరిగి, "అన్నం నాది. నేను పెట్టాను" అని మలయ్‌లో చెప్పింది. ఆవిడ మామ్మని, నాన్నని, గుమ్మంలో ఉన్న మమ్మల్ని వరసగా చూసింది. మాకూ తెలుసని మా ముఖాల్లోనే చదివినట్టుంది. వంగి బాతుగుడ్ల సంచి తీసుకుంది. కిందికి లారీ ఎన్ని గంటలకని అడిగింది. నాలుగింటికని నాన్న చెప్పాడు. అప్పటికి ఒంటిగంట. గేటు అవతలికి వెళ్ళి రోడ్డు పక్కన నిలబడింది. మబ్బు దిగింది. అమ్మ నాచేత కంబళి పంపితే చేత్తో వద్దని తోసేసింది. వేడి టీ పంపితే చూడలేదు. కాసేపటికి నాన్న బయటికి వెళ్ళాడు, కోటు లేకుండా. ఆమెకి పది గజాల దూరంలో నిలబడ్డాడు. లారీ వచ్చి ఆమె ఎక్కాక కూడా నాన్న చాలాసేపు అక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చుని ఉత్తరం కొట్టాడు. అన్నం పెట్టింది తన తల్లి అని, ఆ రోజు తనకది తెలుసని, తెలిసీ చెప్పలేదని, వంటవాడికి ఏ సంబంధమూ లేదని. ఒక ప్రతి పోలీసులకి, ఒకటి కంపెనీకి. అమ్మ వద్దనలేదు. మామ్మ ఏం రాశావో చదవమంది. నాన్న ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. విని, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగి, రెండింటి మీదా వేసింది. ఆమెని తీసుకుపోవడానికి ఎవరైనా వస్తారని మూటలో రెండు చీరలు కట్టుకుని వారం రోజులు వరండాలో కూర్చుంది. ఎవరూ రాలేదు. ఆ సెంగ్ గురించి పోలీసుల నుంచి ఏ జవాబూ రాలేదు, అప్పుడూ తర్వాతా. కంపెనీ నుంచి కూడా ఉత్తరం రాలేదు. కొత్త మేనేజరు మాత్రం నెల తిరక్కుండా వచ్చాడు.